దాచిన ప్రేమను చదవడం ఎలా: పాత హాలీవుడ్ సినిమాలతో ఆరు సాయంత్రాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో పది పన్నెండు మంది కూర్చుని, పాత అమెరికా సినిమాల్లో గే, లెస్బియన్ పాత్రలు ఎలా వచ్చాయో, ఎలా మాయమయ్యాయో, ఏ వేషాల్లో తిరిగొచ్చాయో వరసగా చూడాలనుకుంటే ఈ పద్ధతి పనికొస్తుంది. వారానికో సాయంత్రం చొప్పున ఆరు వారాలు పడుతుంది. మార్గశిరంలో పెట్టుకుంటే లక్ష్మివారాలు వదిలేయండి, పూజ ఉన్న ఇంట్లో ఆ రోజు ఆడవాళ్ళకు తీరిక దొరకదు. రెండు రోజుల్లో ఆరూ వేసేద్దామన్న ఆలోచన మానుకోండి. ఒక సినిమాలో ఏది దాచారో మనసులో ఇంకకముందే ఇంకొకటి వేస్తే అన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి.

సినిమా వేయడం పెద్ద పనేం కాదు. చదవడమే నేర్చుకోవాలి. పాతికేళ్ళకు పైగా హాలీవుడ్‌లో ఈ మనుషుల్ని పేరుపెట్టి చూపించడానికి వీల్లేకపోయింది. అయినా రచయితలు, దర్శకులు, నటులు ఏదో ఒక సందులోంచి తెచ్చారు. ఆ సందులు కనిపించాలంటే ముందు గోడ ఎక్కడుందో తెలియాలి.

గోడ కట్టిన తేదీలు

ఒక పెద్ద కాగితం మీద 1930, 1934, 1961, 1968 అని రాసి తెర పక్కన అంటించండి. ఏ సినిమా వేసినా ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఏ రెండు అంకెల మధ్యది?

1930 మార్చిలో హాలీవుడ్ నిర్మాతల సంఘం ఒక నియమావళిని ఒప్పుకుంది. సంఘం అధ్యక్షుడు విల్ హేస్ పేరు మీద దాన్ని హేస్ కోడ్ అంటారు. 'లైంగిక వక్రత', దాని సూచన కూడా, నిషిద్ధం అని అందులో ఒక వాక్యం ఉంది. స్వలింగ ప్రేమను ఆ మాటలోనే కట్టేశారు. నాలుగేళ్ళ పాటు కోడ్ కాగితం మీదే ఉండిపోయింది. కేథలిక్కులు 'లీజియన్ ఆఫ్ డీసెన్సీ' పేరుతో సినిమాలను బహిష్కరించమని జనాన్ని కూడగట్టాక, 1934 జులై నుంచి జోసెఫ్ బ్రీన్ కార్యాలయం స్క్రిప్టులు, ప్రింట్లు చూసి ముద్ర వేయడం మొదలుపెట్టింది. ముద్ర లేని సినిమా విడుదల చేస్తే సంఘంలోని కంపెనీకి 25,000 డాలర్ల జరిమానా. దానికన్నా గట్టి కళ్ళెం మరొకటుంది. పెద్ద ఊళ్ళలోని పెద్ద థియేటర్లు ఆ కంపెనీలవే. ముద్ర లేని సినిమాకు ఆడే చోటే దొరకదు.

చూసేవాళ్ళకు ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇది మన సెన్సార్ బోర్డులాగా ప్రభుత్వం పెట్టింది కాదు, సినిమా వ్యాపారం తనకు తానే వేసుకున్న కట్టు. అందుకే కోర్టు తీర్పులు, వ్యాపారపు మార్పులు రెండూ దాన్ని కదిలించగలిగాయి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో కంపెనీలు థియేటర్లను వదులుకోవాల్సి వచ్చింది. 1952లో అదే కోర్టు సినిమాకూ వాక్ స్వాతంత్ర్యం ఉందంది. 1961 అక్టోబరులో కోడ్‌ను సవరించి, జాగ్రత్తగా, నిగ్రహంతో అయితే స్వలింగ ప్రేమను ప్రస్తావించవచ్చన్నారు. 1968 నవంబరులో కోడ్ పోయి వయసు రేటింగులు వచ్చాయి.

మనవైపు వాళ్ళకు గుర్తుండాలంటే ఇంటి తేదీ ఒకటి కలపండి. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందీ, గిడుగు రామమూర్తి ఆ ఊరు విడిచి వెళ్ళిందీ 1936లో. బ్రీన్ కార్యాలయం పని మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు కాలేదు.

ఎక్కడ వేయాలి, ఏ కాపీ వేయాలి

ఇంట్లో వేయండి. హాలు తీసుకుని, బోర్డు కట్టి, వచ్చినవాళ్ళందరినీ రానిస్తే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది. దానికి 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ కావాలి, హక్కుదారు అనుమతి వేరే కావాలి. మన చట్టంలో సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు. ఈ జాబితాలో చివరిదైన 1970 నాటి సినిమాకు 2030 చివరి దాకా హక్కు ఉంది కాబట్టి డిస్కు కొనో, సక్రమంగా అద్దెకు తీసుకునో చూడాలి. టికెట్ పెట్టొద్దు, చందా వసూలు చేయొద్దు. ఇల్లు ఇచ్చేవాళ్ళు సంకోచిస్తే 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పండి. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ స్వలింగ సంబంధం ఆ రోజు నుంచి ఈ దేశంలో నేరం కాదు. ఆ మాట తెలియని వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

పిలుపు ఒక్కొక్కరికి విడిగా వెళ్ళాలి. వాట్సాప్ గ్రూపు కట్టకండి. చిన్న ఊళ్ళో గ్రూపులో కనిపించిన నంబరు సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. గదిలో ఫోటోలు తీయకూడదని మొదటి రోజే చెప్పండి. వచ్చిన వాళ్ళలో ఎవరు ఎవరన్నది ఎవరూ అడగకూడదు. 18 ఏళ్ళు నిండినవాళ్ళే రావాలి.

పది మందికి 43 అంగుళాల టీవీ సరిపోతుంది. ప్రొజెక్టర్ అయితే తెర వెడల్పు రెండు మీటర్లు చాలు, ఇంకా పెద్దది చేస్తే పాత ప్రింటు మసకగా కనిపిస్తుంది. ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకరు మీద ఆధారపడకండి. వేరే స్పీకరు తెర కిందే పెట్టండి, వెనక పెడితే గుసగుసలు పోతాయి, ఈ సినిమాల్లో అసలు విషయం చాలాసార్లు గుసగుసల్లోనే ఉంటుంది. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, స్పీకర్ కలిపి 350 వాట్లు అనుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టరు రెండున్నర, మూడు గంటలు లాగుతుంది. బ్యాటరీ పాతదైతే అందులో సగం. ల్యాంప్ ఉన్న ప్రొజెక్టర్ కరెంటు పోయి ఆగితే ఐదు నిమిషాలు చల్లారనిచ్చి వెలిగించాలి, వెంటనే నొక్కితే ల్యాంపు పోతుంది.

తెర ఆకారం సంగతి మరీ ముఖ్యం. 1953కు ముందు సినిమాలు దాదాపు చదరంగా ఉంటాయి, 1.37కు 1 నిష్పత్తి. టీవీ దాన్ని సాగదీసి నింపుతుంది, మొహాలు వెడల్పవుతాయి. సెట్టింగుల్లో 4:3 పెట్టి, అటూ ఇటూ నల్ల పట్టీలు ఉండనివ్వండి. 1953 తర్వాతి వెడల్పు సినిమాలకు ముప్పు వేరు. టీవీ కోసం పక్కలు కోసేసిన కాపీలు ఇంకా తిరుగుతున్నాయి. మాట్లాడేవాడు మధ్యలో, వాడిని చూస్తున్నవాడు అంచున ఉన్నప్పుడు అంచు కోసేస్తే ఆ చూపు పోతుంది. ఈ చరిత్రలో చూపే సాక్ష్యం. పక్కలు కోసిన కాపీ అయితే ఆ వారం ఆపేయండి, మంచి కాపీ దొరికాక వేయండి.

సబ్‌టైటిళ్ళు

ఈ సరిహద్దులో ఒక చిక్కు ఉంది, విజయనగరంలోనో రాజమండ్రిలోనో ఇది ఇంతగా రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రవాళ్ళు చాలామంది ఒడియా మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివారు. తెలుగు వింటే పూర్తిగా అర్థమవుతుంది, తెర మీద రెండు సెకన్లు నిలిచే తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కునేలోగా వెళ్ళిపోతాయి. అందుకని రెండు పనులు చేయండి. తెలుగు సబ్‌టైటిల్ వేయండి, ముఖ్యమైన సన్నివేశాలను మాత్రం ఒకరు గొంతెత్తి తెలుగులో చెప్పండి. చెప్పేవాళ్ళు ముందు రోజు సినిమా మొత్తం చూసి ఉండాలి. మనవైపు మాటలోనే చెప్పాలి, పుస్తకాల తెలుగు అక్కర్లేదు. వాడుక భాష కోసం గిడుగు పోరాడింది ఈ నేల మీద నిలబడే.

సబ్‌టైటిల్ ఫైలు తయారు చేసుకునేటప్పుడు వరసకు 32 నుంచి 35 అక్షరాలు, ఒకేసారి రెండు వరసలు మించకూడదు. ఒక్కోటి కనీసం ఒకటిన్నర సెకను, గరిష్ఠంగా ఆరు సెకన్లు నిలవాలి. 1930ల నటులు చాలా వేగంగా మాట్లాడతారు, అన్నీ అనువదిస్తే ఎవరూ చదవలేరు. పదిలో ఆరు మాటలు చాలు. ఏ నాలుగు వదలాలో తెలియాలంటే ముందు సన్నివేశం దేని గురించో తేల్చుకోవాలి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచండి, లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. వీఎల్‌సీలో సబ్‌టైటిల్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, ఫాంటు నోటో శాన్స్ తెలుగు పెట్టండి. ఒత్తులు విడిపోతే ప్లేయరు పాతదని అర్థం, కొత్త వెర్షన్ వేయండి.

సబ్‌టైటిల్ మొదటి నుంచీ ఒకే దూరంలో వెనకబడి ఉంటే వీఎల్‌సీలో జి, హెచ్ మీటలతో 50 మిల్లీసెకన్ల చొప్పున సర్దవచ్చు. మొదట సరిగ్గా ఉండి పోనుపోను తప్పుతుంటే కారణం వేరే: ఫైలు 25 ఫ్రేముల కాపీకి చేసింది, మీ కాపీ 23.976 ఫ్రేములది. గంటకు రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. మీటలతో ఇది కుదరదు. 'సబ్‌టైటిల్ ఎడిట్' అనే ప్రోగ్రాంలో ఫ్రేమ్ రేటు 25 నుంచి 23.976కు మార్చి మళ్ళీ భద్రపరచండి.

ఏ మాట వాడాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. చెప్పేవాళ్ళ సొంత మాటల్లో 'గే', 'లెస్బియన్', 'స్వలింగ ప్రేమ' వాడండి. పత్రికల్లో కనిపించే 'స్వలింగ సంపర్కుడు' మనిషిని ఒక పనికి కుదించేస్తుంది, చట్టం గురించి చెప్పేటప్పుడు తప్ప వద్దు. సినిమాలో ఒక పాత్ర మరొకణ్ణి తిడితే మాత్రం తిట్టును తిట్టుగానే ఉంచండి. 'సిస్సీ' అన్నచోట 'ఆడంగి' అనే రాయాలి. మెత్తబరిస్తే ఆ పాత్ర ఏం భరించిందో చూసేవాళ్ళకు తెలియదు. హిజ్రాలను తిట్టే మాటలను గే పాత్రలకు వాడకండి. అది అవమానం, పైగా తప్పు అర్థం కూడా.

కొన్ని మాటలు అనువాదానికి లొంగవు. 1938 నాటి 'బ్రింగింగ్ అప్ బేబీ'లో కేరీ గ్రాంట్ ఆడవాళ్ళ ఈకల గౌను వేసుకుని ఎగిరి, ఉన్నట్టుండి గే అయిపోయానంటాడు. అప్పటి మామూలు జనానికి గే అంటే హుషారు. ఆ లోకం తెలిసినవాళ్ళకు అది అప్పటికే గుర్తుమాట. ఏదో ఒకటి ఎంచుకుంటే రెండోది చస్తుంది. సబ్‌టైటిల్‌లో 'గే' అనే ఉంచి, రెండు అర్థాలూ ముందే చెప్పేయండి.

కళ్ళను మార్చుకోవడం

మనవైపు చూసేవాళ్ళు రెండు రకాలుగా పొరబడతారు.

మొదటిది, ఉన్నది కనపడకపోవడం. బరంపురం బజారులో ఇద్దరు కుర్రాళ్ళు చేయి చేయి పట్టుకుని నడిస్తే ఎవరూ రెండోసారి చూడరు. స్నేహితుడి భుజం మీద తల వాల్చి బస్సులో నిద్రపోవడం మామూలే. ఆ అలవాటుతో 1950ల అమెరికా సినిమా చూస్తే, మగవాడి చేయి మగవాడి భుజం మీద రెండు సెకన్లు ఎక్కువ నిలిచిందన్న సంగతి పట్టదు. ఆ తెర మీద మగవాళ్ళు ఒకరినొకరు తాకడం చాలా తక్కువ, కాబట్టి తాకిన ప్రతిసారీ దానికి బరువుంది. సువాసన కూడా అంతే. మొగలి అత్తరు తీసే గంజాం జిల్లాలో మగవాడు అత్తరు రాసుకుంటే అది పండగ. 1941 'ది మాల్టీస్ ఫాల్కన్'లో మగవాడి విజిటింగ్ కార్డు గార్డీనియా పూల వాసన వేస్తే అది అతను గే అని చెప్పడం.

రెండోది, లేనిది చూడటం. మగవాడు చీర కట్టగానే, ఆడది ప్యాంటు వేయగానే గే అని రాసేసుకుంటారు. ఇక్కడ మన అనుభవమే సాయం చేస్తుంది. ప్రహ్లాద నాటకంలో లీలావతి వేషం మగవాడే కడతాడు, తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామగా వెలిగారు. వేషం వేరు, ప్రేమ వేరు అని మనవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు, గుర్తు చేస్తే చాలు. అలాగే యుద్ధభూమిలో చనిపోతున్న మిత్రుణ్ణి ముద్దాడటం, 1927 'వింగ్స్'లో ఉన్నట్టు, ఆ కాలం వాళ్ళు సోదర ప్రేమగానే చూశారు. ఇప్పుడు మనకు ఇంకోలా కనిపిస్తే ఆ రెండూ రాసుకోవాలి. ఒకటి కొట్టేసి ఇంకొకటి నిలబెట్టొద్దు.

ప్రతి ఒక్కరికీ ఒక నోటుపుస్తకం, అందులో నాలుగు గడులు: పాత్ర ఎవరు, తెర మీద ఏం చూపారు, ఏది చెప్పకుండా వదిలారు, చివరికి ఏమైంది. చీకట్లో రాయొద్దు, సినిమా అయ్యాక పది నిమిషాలు మాట్లాడకుండా రాసి, ఆ తర్వాత నోరు విప్పాలి. ముందు మాట్లాడితే గట్టి గొంతు ఉన్నవాళ్ళు చూసిందే అందరూ చూసినట్టవుతుంది.

మొదటి సాయంత్రం: గోడకు ముందు

చాప్లిన్ 1916 చిన్న సినిమా 'బిహైండ్ ది స్క్రీన్'తో మొదలుపెట్టండి, అరగంట లోపే అయిపోతుంది. అబ్బాయి వేషంలో ఉన్న అమ్మాయిని చాప్లిన్ ముద్దుపెట్టుకుంటాడు. చూసిన లావాటి పనివాడు ఇద్దరూ మగవాళ్ళేననుకుని వయ్యారాలు పోతూ వెక్కిరిస్తాడు. 1916లోనే మామూలు ప్రేక్షకుడికి ఆ వెక్కిరింత అర్థమైందంటే, గే మనుషులు ఉన్నారని అందరికీ తెలుసన్నమాట. ఈ ఒక్క సన్నివేశం చాలు, 'అప్పట్లో ఇవన్నీ లేవు' అనే వాదన ఆగిపోవడానికి.

తర్వాత 1930 'మొరాకో'. మార్లీన్ డీట్రిచ్ మగవాళ్ళ సూటు, టోపీతో పాడుతూ ఒక స్త్రీ జడలోంచి పువ్వు తీసుకుని, ఆమె పెదవుల మీద ముద్దుపెట్టి, ఆ పువ్వును గ్యారీ కూపర్‌కు విసురుతుంది. ఆపి మళ్ళీ వేయండి. ముద్దును కత్తిరిస్తే పువ్వు ఎక్కడిదో తెలియదు, పువ్వు లేకపోతే కూపర్‌తో కథ మొదలవదు. కత్తెరకు అందకుండా సన్నివేశాన్ని ఎలా అల్లాలో దీనికన్నా బాగా నేర్పే ఉదాహరణ లేదు.

సమయం ఉంటే 1932 'కాల్ హర్ సావేజ్'లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ కెఫేలో వయ్యారాలు పోతూ పాడే ఇద్దరు సర్వర్లను, 1933 'క్వీన్ క్రిస్టినా'లో గార్బో తన సహచరిని ముద్దాడటాన్ని ముక్కలుగా చూపండి.

రెండో సాయంత్రం: సైగలు

'ది మాల్టీస్ ఫాల్కన్' గంటా నలభై నిమిషాలు. మూల నవలలో డిటెక్టివ్ స్పేడ్ దగ్గర పనిచేసే సెక్రటరీ, ఆ వాసన కార్డు ఇచ్చిన కైరో గే అని సూటిగా అనేస్తుంది. సినిమాలో ఆ మాట లేదు. వాసన కార్డు, మెత్తని గొంతు, పెదవుల దగ్గరికి పోయే చేతికర్ర పిడి ఉన్నాయి. ఇవన్నీ కైరోగా వేసిన పీటర్ లోరీ చేతిలో మాటల కన్నా స్పష్టంగా పలుకుతాయి. ఇంకోటి: స్పేడ్ కుర్ర తుపాకీవాణ్ణి 'గన్సెల్' అంటాడు. చాలామంది అది తుపాకీ పట్టేవాడనుకున్నారు. దేశదిమ్మరుల యాసలో దానర్థం పెద్దవాడు తన దగ్గర పెట్టుకున్న కుర్రాడు. రచయిత హామెట్ దాన్ని పత్రిక సంపాదకుడి కన్ను కప్పి పెట్టాడు, అది సెన్సార్ కన్నూ దాటి తెర మీదకొచ్చింది.

విరామంలో 1940 'రెబెకా' నుంచి పది నిమిషాలు వేయండి. ఇంటి పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్ చనిపోయిన యజమానురాలి గదిలో బొచ్చు కోటును చెంపకు ఆనిస్తుంది, పారదర్శకమైన నైట్‌గౌను కింద చేయి పెట్టి చూపిస్తుంది. ఆ గౌను దగ్గర జాగ్రత్త అని బ్రీన్ కార్యాలయం ముందే హెచ్చరించింది. అయినా సన్నివేశం నిలిచింది.

ఈ కాలపు సైగలన్నీ దాదాపు విలన్‌కో, నవ్వులాటకో చేరాయని గమనించండి. గే మనిషిని చూపించాలంటే భయపెట్టాలి లేదా నవ్వించాలి, అంతే. ప్రేక్షకులు దీన్ని తమంతట తాము పట్టుకునే దాకా చెప్పకండి.

మూడు, నాలుగు: ఒకే కథ, రెండు సినిమాలు

ఆరింటిలోనూ నాకు అన్నిటికన్నా విలువైనవి ఈ రెండు సాయంత్రాలు. వేరేవి మార్చుకున్నా వీటిని మార్చకండి.

లిలియన్ హెల్మన్ 1934లో ఒక నాటకం రాసింది. కారెన్, మార్తా అనే ఇద్దరు స్నేహితురాళ్ళు ఆడపిల్లల బడి నడుపుతుంటారు. మేరీ అనే పిల్ల కక్షతో వాళ్ళిద్దరూ ప్రేమికులని పుకారు పుట్టిస్తుంది, బడి కూలిపోతుంది. బ్రాడ్వేలో ఇది పెద్ద విజయం. నిర్మాత గోల్డ్‌విన్ హక్కులు కొన్నాడు. నాటకం పేరు వాడకూడదని, నాటకం ఇదేనని చెప్పుకోకూడదని కూడా ఆంక్ష పెట్టారు. హెల్మన్ స్వయంగా స్క్రిప్టు మార్చింది. 1936 'దీజ్ త్రీ'లో పుకారు ఏమిటంటే, మార్తా తన స్నేహితురాలికి కాబోయే భర్తతో తిరుగుతోందని. దర్శకుడు విలియం వైలర్.

మూడో సాయంత్రం ఇది వేయండి. నాటకం సంగతి ముందే చెప్పొద్దు. సినిమా అయ్యాక ఒకే ప్రశ్న: మార్తా ఎవరి కోసం బాధపడుతోంది? మార్తాగా వేసిన మిరియం హాప్కిన్స్ మొహం చూసిన కొందరికి కథతో సంబంధం లేని జవాబు తోస్తుంది, అది పుస్తకంలో రాసుకోమనండి. ఆ తర్వాత నాటకం చెప్పండి. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు.

నాలుగో సాయంత్రం 1961 'ది చిల్డ్రన్స్ అవర్'. అదే వైలర్, పాతికేళ్ళ తర్వాత, కోడ్ సడలిన కొద్ది వారాలకే. ఆడ్రీ హెప్‌బర్న్ కారెన్, షర్లీ మెక్లైన్ మార్తా. పాత సినిమాలో మార్తా అయిన మిరియం హాప్కిన్స్ ఇందులో ఆమె మేనత్త. మనవరాలు నాయనమ్మ చెవిలో గుసగుసగా చెప్పే మాటలు మనకు వినిపించవు. 'లెస్బియన్' అన్న పదాన్ని సినిమాలో ఎక్కడా పలకరు. చివర్లో మార్తా తన మనసులో ఉన్నది కారెన్ ముందు చెప్పుకుని ఏడుస్తుంది, ఆ తర్వాత ఉరేసుకుంటుంది.

ఇక్కడ చర్చకు గంట వదలండి. పుకారు మారినా 1936 కథ ఎందుకు నిలబడింది? 1961లో నిజం చెప్పడానికి అనుమతి వచ్చింది, బతకనివ్వడానికి ఎందుకు రాలేదు? గదిలో ఎవరికైనా ఆ చావు దగ్గరగా తగలవచ్చు. ముందే చెప్పి ఉంచండి, లేచి బయటికి వెళ్ళినవాళ్ళను కారణం అడగకండి.

మూలంతో పోల్చే ఈ పద్ధతిని వేరే సినిమాలకూ వాడవచ్చు. 1945 నవలలో హత్యకు గురైనవాడు గే, 1947 'క్రాస్‌ఫైర్'లో యూదుడయ్యాడు. 1953 నాటకం 'టీ అండ్ సింపతీ'లో కుర్రాడి మీద అనుమానానికి కారణం ఉపాధ్యాయుడితో నగ్నంగా ఈదడం, 1956 సినిమాలో ఉపాధ్యాయుల భార్యలతో కూర్చుని కుట్టడం. ఏది తీసేశారో తెలిస్తే మిగిలినదాని ఆకారం దానంతట అదే అర్థమవుతుంది. 'స్పార్టకస్' కాపీ దొరికితే స్నానాల గదిలో గుల్లలు, నత్తల సంభాషణ ఉందో లేదో చూడండి, ఏది తినడం ఇష్టమని అడిగే మాటల చాటున మగవాళ్ళా, ఆడవాళ్ళా అని అడగడం అది. 1960లో కత్తిరించిన ఆ ముక్కను 1991లో తిరిగి కలిపారు. శబ్దం పోయింది, లారెన్స్ ఒలివియర్ అప్పటికి లేడు, ఆయన గొంతు ఆంథొనీ హాప్కిన్స్ ఇచ్చాడు. టోనీ కర్టిస్ ముప్ఫై ఏళ్ళ తర్వాత తన మాటలు తానే మళ్ళీ పలికాడు.

ఐదో సాయంత్రం: అంచున ఉన్నవాడు

1955 'రెబెల్ వితౌట్ ఎ కాజ్'. వెడల్పు కాపీయే కావాలి, ఎందుకో పైన చెప్పాం. ప్లేటో అనే కుర్రాడు బడిలో తన లాకరు తలుపుకు అలన్ లాడ్ ఫోటో అంటించుకుంటాడు. అమ్మాయిల ఫోటోలు అంటించే వయసులో హీరో ఫోటో. రెప్పపాటులో వెళ్ళిపోతుంది, అక్కడ ఆపి చూపండి. హీరో జిమ్‌ను రాత్రి తన ఇంటికి రమ్మంటాడు, పొద్దున్నే కలిసి టిఫిన్ తినొచ్చంటాడు. ఇద్దరి మధ్య సంబంధం ఉన్నట్టు సూచన రాకూడదని కోడ్ కార్యాలయం కంపెనీకి రాసింది. ప్లేటోగా వేసిన సాల్ మినియో కళ్ళకు ఎవరూ ఏమీ రాయలేకపోయారు. చివర్లో పోలీసులు ప్లేటోను కాలుస్తారు. ఒంటి మీద జిమ్ ఇచ్చిన ఎర్ర జాకెట్టు ఉంటుంది. చనిపోయినవాడికి జిమ్ ఆ జాకెట్టు జిప్పు పైకి లాగుతాడు.

ఇప్పుడు అందరి పుస్తకాల్లో నాలుగో గడి తీసి వరసగా చదివించండి. ఉరి, తూటా, జైలు. ఈ లెక్కను మొదట వేసి, పాత్రలు ఎలా చచ్చిపోయాయో జాబితా కట్టి తన 1981 పుస్తకం 'ది సెల్యులాయిడ్ క్లాజెట్' చివర పెట్టినవాడు వీటో రూసో. ఆయన పేరు ఈ సాయంత్రమే చెప్పండి, ముందు చెబితే అందరూ చావులే వెతుకుతారు.

ఆరో సాయంత్రం: 1970

'ది బాయ్స్ ఇన్ ది బ్యాండ్', మార్ట్ క్రౌలీ నాటకం నుంచి విలియం ఫ్రీడ్కిన్ తీసింది. రంగస్థలం మీద ఆడిన తొమ్మిది మందీ తెర మీదా ఉన్నారు. పుట్టినరోజు విందు, ఒకే ఇల్లు, ఒకే రాత్రి, రెండు గంటలు. తిట్లు ఎక్కువ, వేగం ఎక్కువ. సబ్‌టైటిల్‌కు మామూలు కన్నా రెట్టింపు సమయం పడుతుంది, రెండు వారాల ముందే మొదలుపెట్టండి. కొందరికి ఇది చేదుగా ఉంటుంది, తమను తాము ఇంతగా ద్వేషించుకునే మనుషులను చూపడం అవసరమా అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. విడుదలైన నాటి నుంచీ గే ప్రేక్షకులే అడుగుతున్నారు. సమాధానం మీరు ఇవ్వకండి, విందు ఇచ్చిన మైకేల్ ఏడ్చే సన్నివేశం మళ్ళీ వేసి వాళ్ళకే వదలండి.

చివరి పది నిమిషాలు పుస్తకాలకు. తొమ్మిది మందికీ నాలుగో గడి నింపమనండి. మైకేల్: అర్ధరాత్రి ప్రార్థనకు చర్చికి వెళ్ళాడు. హెరాల్డ్: కానుకగా వచ్చిన కుర్రాడితో ఇంటికి బయలుదేరాడు. హాంక్, లారీ: ఇద్దరూ మేడ మీద గదిలో ఉన్నారు.